అరికాలి మీద నల్లచుక్క

మొన్న ఆదివారం ఎవరో ఒక ప్రేక్షకుడు నా ఛానెల్‌కు ఫోటో పంపాడు. పసుపుపచ్చ బొమ్మ కారు. దాన్ని రోబోగా మార్చి, వెల్లకిలా పడుకోబెట్టి, పాదాలు కెమెరా వైపు పెట్టి తీశాడు. కింద రాశాడు: "అన్నా, నా దాని కుడి అరికాలి మీద నల్లచుక్క లేదు. అసలుదా, నకిలీదా? మీరు చెబితేనే నమ్ముతాను."

మీరు చెబితేనే నమ్ముతాను అన్న ముక్క చదివి ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ చుక్క గురించి నోరెత్తే అర్హత లేని మనిషి ఎవరైనా ఉంటే అది నేనే. చుక్క పెట్టిన ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన సంగతి తలాతోకా లేకుండా ఉంటుంది. నేను రామన్నపేటలో ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. సాయంత్రాలు బొమ్మల మీద వీడియోలు చేస్తాను. బొమ్మలంటే మడతలు విప్పితే మనిషిలా లేచి నిలబడే కార్లు. తలుపులు చేతులవుతాయి, బానెట్ ఛాతీ అవుతుంది, వెనక డిక్కీ రెండుగా చీలి పాదాలవుతుంది. నలభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ పిచ్చేమిటని మా ఆవిడ మొదట్లో తిట్టింది, తర్వాత నవ్వింది, ఇప్పుడు ఇల్లూడ్చేటప్పుడు వాటిని పక్కకు జరిపి మళ్లీ వరుసగా పెడుతుంది.

ఈ బొమ్మల లోకంలో ఒక తమాషా ఉంది. అచ్చు ఒకటే ఉంటుంది, దానికే రంగులు మారుస్తూ కొత్త బొమ్మగా తెస్తుంటారు. అభిమానులంతా ఏడాదికోసారి ఒకచోట చేరే సమ్మేళనాల్లో అయితే, అక్కడికి వచ్చినవాళ్లకు మాత్రమే దొరికేలా కొద్దిపాటి బొమ్మలకు ప్రత్యేకమైన రంగు వేస్తారు. కీలు అదే, చక్రం అదే, ముక్కూ మొహమూ అవే. రంగు ఒక్కటే వేరు. ఆ ఒక్క తేడా కోసం పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు తోసుకుంటారు. ఆ రంగులు బాగున్నాయా లేవా, ఎక్కడ కారింది, ఎక్కడ చెదిరింది అని తూచి చెప్పడం నా పని. తూచి చెప్పేటప్పుడు నేను మాట్లాడే తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అచ్చు పుస్తకంలోంచి కోసి తెచ్చినట్టు ఉంటుంది. అలా మాట్లాడితేనే నలుగురూ వింటారని నా నమ్మకం.

ఆయన రంగుల మేస్త్రి. చిట్యాల రోడ్డులో బియ్యం మిల్లు దాటాక రేకుల షెడ్డు. ట్రాక్టర్లు, ట్రాలీలు, ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు, ఇళ్ల గేట్లు. అందరికీ మేస్త్రి, నాకు కాకా. సన్నటి మనిషి, లుంగీ, బనియను. ఆ బనియను చూస్తే ఆ ఏడాది షెడ్డులోంచి ఏయే బండ్లు బయటికి పోయాయో చెప్పేయొచ్చు. ఎడమ భుజం మీద ఆకుపచ్చ, పొట్ట మీద ఎరుపు, వీపు మీద ఎలా పడేదో గాని ఎప్పుడూ నీలం.

ఒకప్పుడు దుకాణాల బోర్డులన్నీ ఆయనే రాసేవాడట. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. రాష్ట్రం వచ్చిన కొత్తలో బండ్ల నంబరు పలకల మీద రెండక్షరాలు చెరిపి రెండక్షరాలు రాయించుకోవడానికి జనం వస్తే, కొన్నాళ్లు పండగ చేసుకున్నాడు. "తెలంగాణ వచ్చి అందరికేమొచ్చిందో నాకు తెల్వది సారూ, నాకు మాత్రం రెండచ్చరాల పనొచ్చింది" అని ఆయనే నవ్వేవాడు.

రంగుల పేర్లు ఆయన దగ్గర వేరే ఉండేవి. కంపెనీ వాళ్ల కార్డు మీద నంబర్లుంటాయి కదా, ఆ నంబరు ఆయన నోట ఒక్కసారి కూడా వినలేదు. తెలుపు వేయమని వస్తే, "ఏ తెలుపు? సీతాఫలం లోపటిదా, మూసీ నురుగా?" అని అడిగేవాడు. మూసీ నురుగు అంటే హైదరాబాద్ మురికి మోసుకొచ్చే నురుగని మా వైపు వాళ్లకు తెలుసు, ఎవడూ అది కావాలనడు. ఎరుపు అంటే చెట్టు మీద పండిన మిరపకాయదా, కల్లంలో ఎండినదా అని ఆరా. రంగు కలిపాక బొటనవేలి గోరు మీద కాస్త పూసుకుని, ఎండలోకి పోయి, మెడ పక్కకు వంచి కోడి చూసినట్టు ఒక్క కంటితో చూసేవాడు. కళ్లద్దాలు ఉండేవి గాని పనిలో పెట్టుకునేవాడు కాదు. అన్నం తినేటప్పుడు, ఎవరైనా కొత్తవాళ్లు మాట్లాడేటప్పుడు పెట్టుకునేవాడు. రంగును అద్దంలోంచి చూస్తే అబద్ధం చెబుతుందట.

ఇంకో మాట ఎప్పుడూ ఆయన నోట ఉండేది: "ఆరనియ్యి." తడి రంగు మీద చెయ్యి పెట్టబోయే వాళ్లకు చెప్పే మాటే అన్నింటికీ వాడేవాడు. మిల్లు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు గట్టు పంచాయితీ పెట్టుకుని తీర్పు చెప్పమంటే ఆరనియ్యి. మా బడిలో జీతం ఆపారని నేను కోపంగా రాజీనామా రాసుకుపోతే, అది మడిచి నా జేబులో పెట్టి ఆరనియ్యి. ఆ మాట విని నేను ఆగాను, ఉద్యోగం నిలబడింది.

పని పూర్తయిన బండిని వెంటనే ఇచ్చేవాడు కాదు. బండి ఆసామిని ఎదుటి హోటల్లో చాయ్ తాగి రమ్మని పంపేవాడు. ఒక్కడే బండితో కాసేపు ఉండేవాడు. అందరూ అది మేస్త్రి వేషం అనుకునేవారు. నేనూ చాలాసార్లు చూశాను, ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆయనతో నాకు బొమ్మల సంబంధం కుదిరింది ఒక చెక్కు లేచిన కారు వల్ల. నీలంరంగు కారు, బానెట్ మూలన పెచ్చు ఊడింది. సరిచేయించుకుందామని సంచిలో వేసుకుని వెళ్లాను. బొమ్మలకు రంగు వేయమంటే నవ్వుతాడేమోనని భయం.

"గిదేం బండి సారూ?"

"బొమ్మ కాకా. గిట్ల ఇప్పుకుంట పోతె మనిషైతది."

విప్పి చూపించాను. థిన్నర్ గుడ్డతో చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, "మల్ల జేయి" అన్నాడు. మూడుసార్లు చేయించాడు. నాలుగోసారి ఆయనే తీసుకుని, మడిచే తీరు చూపే కాగితం వైపైనా చూడకుండా, రోబోను తిరిగి కారుగా మడిచేశాడు. అది నాకు మొదటిసారి గంటన్నర పట్టింది.

"డోరు గట్లెందుకు వొంగిందో తెలిస్తె ఇగ మర్వం సారూ. అగో, కీలున్నకాడ రంగు పల్చగ కొట్టాలె. మందం కొడితె ఇప్పినప్పుడల్ల రాలుతది. ఎవడో తెలివిగల్లోడే గని గీ మూలకు యాది మర్చిండు."

కీళ్ల దగ్గర రంగు పలచగా ఉండాలన్న ఆ ముక్కను నేను తర్వాత ఎన్నో వీడియోల్లో నా సొంత పరిశోధనలా చెప్పాను. ప్రేక్షకులు నా పరిశీలనాశక్తిని మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నానో చెప్పాలని ఏనాడూ తోచలేదు.

సమ్మేళనాల సంగతి, రంగు మార్చిన బొమ్మల సంగతి చెప్పింది కూడా ఆ రోజే.

"అంటే గదే బండి, రంగు వేరైతే కొంటరా?"

"కొట్లాడి కొంటరు కాకా."

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "అయితె నేను గిన్నేండ్లు జేసింది గదే గద సారూ! పాత ట్రాక్టర్ తెస్తరు, రంగేసిస్త, కొత్త బండి తెచ్చినట్టు కొబ్బరికాయ కొడ్తరు."

అప్పటినుంచి వారానికోసారైనా షెడ్డుకు పోయేవాణ్ని. నా వీడియోలు ఆయన తన బిడ్డ ఫోన్‌లో చూసేవాడు. ఆ అమ్మాయి పదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. "సారు చెప్పిండంటే గది అచ్చరం తప్పదు" అని ఆయన ట్రాక్టర్ల వాళ్లతో అనడం నా చెవులారా విన్నాను. గర్వంగానే ఉండేది.

హైదరాబాద్‌లో బొమ్మలు సేకరించేవాళ్ల సంఘం ఒకటుంది. ఏడాదికోసారి ఫంక్షన్ హాలు తీసుకుని సమ్మేళనం పెడతారు. దాన్ని నడిపే ఆయన ఒకసారి నా అల్మారా చూడటానికి రామన్నపేట వచ్చాడు. బస్సుకు ఇంకా టైమ్ ఉంటే మేస్త్రి షెడ్డు చూపించడానికి తీసుకెళ్లాను. నాకు మధ్యాహ్నం క్లాసు ఉండి ఇద్దరినీ అక్కడే వదిలి బడికి పోయాను, ఆ తర్వాత ఆ విషయమే మరిచిపోయాను. తర్వాత కొన్ని నెలలు షెడ్డు ముందు తాటిపత్రి పరదా వేలాడింది. లోపల సన్నసన్న కుంచెలు, చిన్న స్ప్రేగన్ కనబడ్డాయి. ఏం పని కాకా అంటే, ముసిముసిగా నవ్వి, "ఆరనియ్యి సారూ, చెప్త" అన్నాడు.

ఆ ఏడాది సమ్మేళనంలో ప్రత్యేకమైన బొమ్మ విడుదల చేశారు. మన దగ్గరే, చేత్తో రంగు వేసిందని మాత్రం చెప్పారు. ఎవరు వేశారో చెప్పలేదు. తంగేడు పూల పసుపు మీద కందిచేను పచ్చ చారలు. ఈ రెండు పేర్లూ ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు వీడియోలో "ముదురు పసుపు, ఆకుపచ్చ" అన్నాను. తంగేడు, కంది అన్న మాటలు నా నాలుక మీదికి వచ్చి ఉంటే అక్కడే ఆయన గుర్తొచ్చేవాడు.

వీడియో ఎప్పటిలాగే నడిపాను. మొదట పెట్టె, తర్వాత కారు, తర్వాత మడతలు విప్పడం, తర్వాత రోబో. పసుపు బాగుందని ఒక్క వాక్యం అన్నాను. కీళ్ల దగ్గర రంగు పలచగా, సరిగ్గా ఉందని ఇంకో వాక్యం. ఆ తర్వాత రోబోను పడుకోబెడితే కుడి అరికాలి మీద ఆవగింజంత నల్లచుక్క కనిపించింది. కెమెరా దగ్గరికి లాగాను. నా మొహం వెలిగిపోయింది. తప్పు దొరికితే నాకు అంత సంతోషం.

చుక్క ఇంకెవరి బొమ్మకైనా ఉందా అని వీడియో ఆపి ఇద్దరికి ఫోన్ చేశాను. ఇద్దరికీ ఉంది, అదే కాలికి, అదే చోట. బుర్ర ఉన్నవాడెవడైనా అప్పుడు ఇది కావాలని పెట్టిందేమో అనుకుంటాడు. నేను తలకిందులుగా ఆలోచించాను. ఆరబెట్టిన చెక్క మీద ఏదో నల్లరంగు ఉండి అన్నింటికీ అంటుకుందని, నేరం పట్టుకున్న పోలీసులా వివరించాను. అంతటితో ఆగినా బాగుండేది. ఛానెల్‌లో ఎన్నడూ మాట్లాడని మా ఊరి మాట, జనాన్ని నవ్వించడానికి అప్పుడు బయటికి తీశాను. తొడ చరిచి, "గిదెవలో ట్రాక్టర్లకు రంగులేసెటోనికి ఇచ్చినట్టున్నరుల్లా! ట్రాలీ అనుకొని ఏసి పారేసిండు!" అని పడీపడీ నవ్వాను.

ఆ ముక్క అందరి ఫోన్లలోకీ పోయింది. నేను చేసిన వీడియోలన్నింటిలోకీ దాన్నే ఎక్కువమంది చూశారు. పుస్తకం తెలుగులో అన్నేళ్లు కష్టపడ్డా రానిది, మా బాపు మాట్లాడే మాటను వెక్కిరింత చేస్తే వచ్చింది.

రెండో రోజు ఆ వీడియో కింద ఎవరో ఒక స్త్రీ రాసింది: "అయ్యా, అది దిష్టిచుక్క కదా. మీ ఇంట్లో చంటిపిల్లలు లేరా?"

మా పాపకు పుట్టిన దగ్గరినుంచి ఏడాది దాకా మా అమ్మ రోజూ స్నానం చేయించి అరికాలికి కాటుక చుక్క పెట్టేది. ఆ కాలు పట్టుకుని సబ్బుతో చుక్క కడిగింది నేనే, ఎన్నిసార్లో. నాకూ పెట్టే ఉంటారు. అలాంటి నేను కెమెరా ముందు చుక్కను చూసి మరక అన్నాను. ఆమెకు జవాబు రాయలేదు. ఆ వ్యాఖ్యను తీసేశాను. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఇంకో రెండు రోజులకు ఆయన మా ఇంటికి వచ్చాడు. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. పొద్దున్నే, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. చెప్పులు గేటు బయటే విడిచాడు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు. చాయ్ చేతిలోనే పట్టుకున్నాడు గాని తాగలేదు.

"సారూ, తప్పైంది" అన్నాడు.

"ఏంది కాకా?"

"గా బొమ్మలు నేనే ఏసిన. నువ్వు తోలుకొచ్చిన హైదరాబాద్ సారే ఇచ్చిండు. పని గిట్లుందని నీ నోటెంట ఇందామని నీకు చెప్పలె." చాయ్ గ్లాసును ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "గా చుక్క కారింది గాదు సారూ, పెట్టిన. నా షెడ్డుల నుంచి ఏ బండి వొయినా పెడ్త. ట్రాక్టరైతె ఇరుసు కింద, ఆటోకైతె సీటు కింద, ఎవ్వలకు కనవడకుంట. గీటికి కాళ్లున్నయి గద, పసిపోరగాండ్లకు పెట్టినట్టు అరికాలుకు పెట్టిన. బొమ్మలకు పెట్టొద్దని నాకు తెల్వది."

నాకేదైనా దారి ఉంటే నేలలోకి దిగిపోయేవాణ్ని. ట్రాక్టర్లకు రంగులేసేవాడు అని నేను ఊహించి వేసిన ఎకసెక్కెం నిజంగానే ట్రాక్టర్లకు రంగులేసే మనిషికి తగిలింది. ఆ మనిషి నా ముందు కూర్చుని నన్ను క్షమించమంటున్నాడు. కాకా, తప్పు నీది కాదు, నాకే తెలివి లేదు అనాలి. అనబోయాను కూడా.

"హైదరాబాద్ సారు ఫోన్ జేసిండు" అన్నాడు ఆయన. "వచ్చే ఏడు మల్ల ఇస్తమన్న పని ఇయ్యరంట. పని నీట్‌గ లేదని అందరంటున్నరంట. పైసల ఫికర్ లేదు సారూ. నలభై ఏండ్ల సంది గీ చేత్తోని రంగేస్తున్న, నీట్‌గ లేదన్న మాట ఎన్నడు పడలె. గది మరక గాదు, పెట్టిందేనని నువ్వొక్క మాట చెప్పు. నీ మాటైతె ఇంటడు."

"చెప్త కాకా" అన్నాను. అక్కడితో కూడా ఆపలేదు. "నువ్వు గూడ ఇంకోసారి జర సూస్కో."

ఆయన చేయని తప్పును పెద్దమనసుతో మాఫీ చేశాను. "సరే సారూ, సూస్కుంట" అని లేచి, తాగని చాయ్ గ్లాసును కిటికీలో పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత చాలాసేపు ఆ కిటికీ వైపు చూడలేకపోయాను.

ఫోన్ చేయలేదు. చేస్తే ఏం చెప్పాలి? దిష్టిచుక్కను మరక అన్నానని చెప్పాలి. అది ఆ హైదరాబాద్ ఆయన నలుగురికీ చెబుతాడు. వీడియో అప్పుడింకా పరుగెత్తుతోంది, రోజూ కొత్తవాళ్లు వచ్చి నన్ను మెచ్చుకుంటున్నారు. ఇంకో వారం పోనీ, చల్లబడ్డాక చెబుదాం అనుకున్నాను. కాకా మాటే వాడుకున్నాను నాకు నేను చెప్పుకోవడానికి, ఆరనియ్యి అని.

సోమవారం అంగట్లో వంకాయలు ఏరుతుంటే పక్కన నిలబడ్డాడు. "చెప్పినవా సారూ?"

"ఫోన్ ఎత్తుతలేడు కాకా."

ఇంకోసారి మా బడి గేటుకు రంగు వేయడానికి వచ్చి, ఇంటర్వెల్‌లో నన్ను చూసి కుంచె పక్కన పెట్టాడు. "చెప్పినవా సారూ?"

"ఆయన ఊళ్లె లేడంట."

అబద్ధమని ఆయనకు తెలుసు. నా మొహమే చూడకుండా గేటు ఊచల మధ్య నుంచి లోపలి పిల్లల్ని చూశాడు. మూడోసారి ఎదురైనప్పుడు మా పాప జ్వరం తగ్గిందా అని మాత్రమే అడిగాడు. ఆ అడగకపోవడం తట్టుకోలేక నేను తోవ మార్చాను. చిట్యాల రోడ్డు మీద నుంచి పోకుండా, మార్కెట్ యార్డు వెనక బురదలో నుంచి బడికి పోయేవాణ్ని. చెప్పులు పాడవుతున్నాయని మా ఆవిడ అడిగితే ఆ దారి దగ్గర అన్నాను. అది దూరం.

ఆ వానాకాలంలో మా విద్యార్థి తండ్రి ఒకాయన, ట్రాక్టర్ ఉన్న రైతు, బడికి వచ్చి మాటల్లో అన్నాడు: "మేస్త్రి మొన్న ట్రాలీకి రంగేసిండు సార్, మంచిగనే ఏసిండు. గని కిందికి దూరి చూస్తె చుక్క లేదు. మా బాపు కాలం నుంచి పెట్టేది గద. ఏందే అంటె, సారు వద్దన్నడు అన్నడు. ఏ సారో మరి."

నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు తల దించుకున్నాను. ఏ సారో అతనికి తెలియదు. వద్దని నేను అనలేదు, సూస్కో అన్నాను. ఆయన అర్థం చేసుకున్నదే సరి.

ఏడాది దాటాక సంఘం వాళ్లకే ఎవరో చుక్క సంగతి చెప్పారు. అప్పుడందరూ అబ్బో అన్నారు. ఆ చుక్క ఉన్న బొమ్మలు ఇంకెక్కడా లేవని, చుక్క ఉంటేనే అసలుదని లెక్క మొదలైంది. మళ్లీ చేయించాలని కూడా అనుకున్నారట. అప్పటికి ఆయన దమ్ము ఎక్కువై ఆయాసపడుతున్నాడు. ఏళ్ల తరబడి ముక్కుకు తువ్వాల కట్టుకుని స్ప్రే కొట్టిన మనిషి. ఆ తర్వాతి చలికాలంలో నల్లగొండ దవాఖానలో ఉన్నాడని తెలిసింది. ఏం మొహం పెట్టుకుని పోవాలో తెలియక, రేపు రేపు అనుకుంటూ ఉండిపోయాను. ఒకరోజు పొద్దున యార్డు వెనక నుంచి బడికి పోతుంటే దూరంగా మిల్లు ముందు జనం కనబడ్డారు.

దినాలన్నీ అయిపోయి, చుట్టాలు వెళ్లిపోయాక పోయాను. షెడ్డు వెనకే ఇల్లు. ఆయన భార్య లోపల పడుకుని ఉంది. బిడ్డ బయటికి వచ్చి ప్లాస్టిక్ కుర్చీ వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. ఇప్పుడు భువనగిరిలో మందుల దుకాణంలో పనిచేస్తోంది. బడిలో ఉన్నప్పటిలాగే నిలబడే మాట్లాడింది.

"తప్పు మీ బాపుది గాదమ్మా, నాది" అన్నాను. రెండేళ్లు మోసిన మాట, అంత చిన్నగా వచ్చింది.

"తెలుసు సార్."

ఏదో గుర్తొచ్చి ఆమె మొహంలో చిన్న నవ్వు కూడా కనబడింది. "వీడియో ఎప్పుడొస్తదని బాపు నాలుగు దినాలు నా ఫోనే పట్టుకొని కూసున్నడు సార్. వచ్చినంక ముగ్గురం కూసోని చూసినం. మీరు ట్రాక్టర్లకు రంగులేసెటోడు అన్నరు గద, అప్పుడు బాపుకు ఎంత సంబురమైందో! 'అగో, సారు నా చెయ్యి గుర్తువట్టిండే' అని అమ్మ భుజం తట్టిండు. మీరు నవ్వుకుంట పొయ్యెదాక గది తిట్టని ఆయనకు తెల్వలె."

చెంబు నా చేతిలోనే ఉంది. కింద ఎక్కడ పెట్టాలో కూడా తోచలేదు. ఏడుపు వచ్చింది, ఆ పిల్ల ముందు ఏడిచే హక్కు కూడా నాకు లేదనిపించి మింగాను.

"నేనొక వీడియో చేస్తనమ్మా" అన్నాను. "మొత్తం చెప్త. చుక్క ఎవరు పెట్టిండ్రు, ఎందుకు పెట్టిండ్రు, నేను ఎట్ల తప్పు మాట్లాడిన, అంతా. మీ బాపు పేరు చెప్త, ఫోటో పెడ్త."

ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది.

"వద్దు సార్. బాపు మీద మల్లొక వీడియో వద్దు." గట్టిగా అనలేదు, నన్ను నొప్పించకూడదన్నట్టు అంది. "మీరు మంచిగనే చెప్తరు. గని చూసెటోళ్లు మల్ల నవ్వుతరు."

ఇంటికి వచ్చి చొక్కా కూడా విప్పకుండా ఫోన్ తీసి ఆ పాత వీడియో తొలగించాను. తీసేయాలా అని ఒకసారి అడిగింది, అవును అన్న చోట వేలు పెట్టాను, పోయింది. అంతే పని. ఆయన బతికున్న రెండేళ్లూ నేను చేయలేకపోయింది అదే.